ఎర్ర జెండా కట్టిన పడవ

విశాఖపట్నం వెళ్లినవాళ్లు ఎవరైనా గవ్వలు తెచ్చుకుంటారు, శంఖం తెచ్చుకుంటారు, మరీ ఓపికుంటే ఎండుచేపలు తెచ్చుకుని రైలుపెట్టెలో పక్కవాళ్ల చేత తిట్లు తింటారు. నేను వెళ్లి, కుదరబోతున్న నా పెళ్లికి స్వహస్తాలతో గొలుసు చుట్టి, తాళం బిగించి, నడిసముద్రానికి సాగనంపాను. కోతలు కోస్తున్నాననుకోకండి. తాళం వేసింది నేనే, తాళంచెవి ఉన్నది నా మొలతాడుకే, ఒడ్డున నిక్కరుతో నిలబడి నోరు తెరుచుకు చూసిందీ నేనే. ఇంత పద్ధతిగా కొంప ముంచుకోవడం అందరికీ చేతనయ్యే పని కాదు. అందుకే చెబుతున్నాను, తీరిగ్గా కూర్చుని వినండి.

అరవైల్లో మాట. మాది ఖరగ్‌పూర్, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వర్కుషాపులో కూలికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. నాన్న అక్కడే ఫిట్టరు. నేను కూడా బుద్ధిగా వ్యాగన్ల షాపులో చేరాను. ఇంట్లో తెలుగు, పక్కింట్లో బెంగాలీ, బజారులో హిందీ. ఈ మూడూ నా నోట్లో ఎవరి సీటు వాళ్లు చూసుకున్నాయి. సంతోషం వస్తే తెలుగు మాట్లాడతాను, కోపం వస్తే హిందీ, భయం వేస్తే మాత్రం బెంగాలీ తప్ప మరొక ముక్క రాదు. బడిలో బెంగాలీ మాస్టారి బెత్తం చేసిన మేలది అని మా అమ్మ అంటుండేది.

భాషలు మూడు వచ్చినా పెళ్లి మాత్రం రాలేదు. మా పాత ఊళ్ల వైపు సంబంధం కదిపితే చాలు, "బెంగాలా? అంత దూరం మా గుంటని పంపలేం బాబూ" అని మంచినీళ్లిచ్చి పంపేసేవారు. అక్కడ అందరూ ఆవముద్ద తిని బతుకుతారని, పిల్ల నోరు మండి చస్తుందని వాళ్ల భయం. ఇలా నాలుగు గడపలు తొక్కి విసిగిపోయిన అమ్మకి చివరికి ఒక సంబంధం కలిసొచ్చింది. పిల్ల పేరు సత్యవతి, విశాఖపట్నం. తండ్రి పోర్టులో క్రేను నడుపుతాడు. ఫోటోలు అటూ ఇటూ తిరిగాయి, ఎవరూ ముఖం చిట్లించలేదు. ఇక మిగిలిందల్లా మేం వెళ్లి పిల్లని చూడడం. నచ్చితే అక్కడికక్కడే చీర పెట్టి బొట్టు పెట్టేయాలి. మావాళ్లలో చీర పెట్టారంటే మాట ఖాయం చేసినట్టే, ఆ తర్వాత వెనక్కి పోవడం ఉండదు.

ఆ చీర కోసం అమ్మ పడిన పాట్లు చెప్పాలంటే ఇంకో కథ అవుతుంది. బరంపురం పట్టు, మామిడిపండు రంగు, చేతివెడల్పు అంచు. తెలిసినవాళ్ల చేత బరంపురం నుంచి తెప్పించి, వీధి వీధంతా చూపించి, నాన్నని మాత్రం ముట్టుకోనివ్వలేదు. ఇనప ట్రంకు పెట్టెలో అడుగున ఆ చీర, పక్కన గాజులు, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, గోల్‌బజారు సందేశ్ మిఠాయి డబ్బా సర్దింది. అన్నిటి మీదా పెళ్లిచూపుల కోసం కుట్టించిన నా కొత్త ప్యాంటూ చొక్కా. ఈ సంబంధం కూడా తప్పిపోతే కాశీ వెళ్లిపోతానని ఆవిడ మూత వేస్తూ ప్రకటించింది. కాశీకి రైలు పాసు దొరుకుతుందా అని నేనడిగిన మాటకి నెత్తి మీద ఒకటి పడింది.

ఇప్పుడు మా మిస్త్రీ బిశ్వాస్ దాదా గురించి చెప్పాలి, ఎందుకంటే తగలబెట్టినవాడు నేనే అయినా అగ్గిపుల్ల ఆయనది. బెంగాలీవాళ్లకి చలికాలం రాగానే 'చేంజి' కావాలి. అంటే గాలి మార్పు. బిశ్వాస్ దాదా ఏటా పెళ్లాం పిల్లలతో వాల్తేరు వెళ్లి, సముద్రపు గాలి తిని, బుగ్గలు పెంచుకుని వచ్చేవాడు. వచ్చి, షాపులో అందరి ముందూ నన్ను పట్టుకునేవాడు. నీ దేశం, నీ సముద్రం, నువ్వు చూడలేదు, మా ఆవిడ అందులో మునిగి లేచింది, నువ్వేం తెలుగువాడివోయ్ అని. అప్పటిదాకా నేను చూసిన పెద్ద నీళ్లు వర్షాకాలంలో కాసాయి నది, అంతే. అందుకని మనసులో ఒట్టు పెట్టుకున్నాను. వాల్తేరులో దిగగానే ముందు సముద్రం, తర్వాతే పెళ్లికూతురు.

రైల్లో మాతో మావయ్య వచ్చాడు. నాన్నకి సెలవు దొరకలేదు. మావయ్య నిమ్‌పురా యార్డులో గార్డు. ఆయన దృష్టిలో ప్రపంచంలో ఉన్నవి రెండే రకాల మనుషులు, పెట్టెకి గొలుసు వేసేవాళ్లు, పెట్టె పోగొట్టుకునేవాళ్లు. రైలు మనుషుల ఇళ్లల్లో పిల్లలకి నడక కంటే ముందు ట్రంకు పెట్టెని సీటు కాలికి గొలుసుతో కట్టడం నేర్పుతారు. మావయ్య గొలుసు ఇచ్చాడు, నేను షాపులో సొంతంగా చేసుకున్న తాళం తగిలించాను. ఏనుగొచ్చి లాగినా రాదని ఎదుటి సీటు ఆయనకి అడక్కుండానే వివరించాను. తాళంచెవి మొలతాడుకి కట్టుకుని హాయిగా నిద్రపోయాను.

పొద్దున్న వాల్తేరు స్టేషన్లో దిగాం. దిగగానే గాలి ఒంటికి తడిబట్టలా అతుక్కుంది. కొబ్బరిచెట్లు, ఎర్రమట్టి కొండలు, ఎటు చూసినా తెలుగు అక్షరాలు. కూలీ తెలుగు మాట్లాడతాడు, టీ అమ్మేవాడు తెలుగు మాట్లాడతాడు, ఆఖరికి పోలీసు కూడా తెలుగులోనే తిడుతున్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. ముహూర్తం మధ్యాహ్నం కాబట్టి నన్నూ పెట్టెనీ వెయిటింగు హాల్లో కూర్చోబెట్టి, అమ్మా మావయ్యా ముందు పిల్లవాళ్లింటికి వెళ్లి కబురు చెప్పి, వేళకి మావయ్య వచ్చి నన్ను తీసుకెళ్లేట్టు ఏర్పాటు. వెళ్తూ వెళ్తూ అమ్మ నా గడ్డం పట్టుకుంది.

"ఒరే నరసింగూ, నీకు పుణ్యం ఉంటాది. ఆ పెట్టి వొదిలి ఒక్కడుగు ఎయ్యకు."

నేను ఎంత ఆజ్ఞాపాలకుణ్ణో చూడండి. అమ్మ పెట్టె వదలొద్దంది కానీ, వెయిటింగు హాలు వదలొద్దనలేదు. వాళ్లు మలుపు తిరగగానే పెట్టెతో సహా రిక్షా ఎక్కాను. వాల్తేరు రోడ్లు ఎక్కుతాయి, దిగుతాయి. ఖరగ్‌పూర్‌లో రోడ్డు పట్టాలు వేసినంత చదునుగా ఉంటుంది కాబట్టి నాకిది కొత్త. ఎక్కినప్పుడల్లా నేను దిగి రిక్షా తోశాను, దిగినప్పుడల్లా పెట్టె జారకుండా కాళ్లతో తొక్కి పట్టాను. చివరి మలుపు తిరిగేసరికి రోడ్డు చివర ఆకాశం కింద ఇంకో ఆకాశం కనిపించింది.

ఇక్కడ మాత్రం నవ్వకండి, నాకు నిజంగా ఏడుపొచ్చింది. కుడివైపు నల్లటి కొండ ముక్కు సాచి నీళ్లలోకి పడుకుంది, దూరంగా ఓడలు సిగ్నలు కోసం ఆగినట్టు నిలబడ్డాయి, మిగతాదంతా నీలం. మా తాత ఇలాంటిది వదిలి బొగ్గు పొగలోకి ఎందుకు వచ్చాడా అనిపించింది. ఆకలికే వచ్చాడని నాకు తెలుసు, అయినా అనిపించింది. బిశ్వాస్ దాదా ఎప్పుడూ గొప్పలు చెబుతాడనుకునేవాణ్ణి, నిజానికి తక్కువే చెప్పాడు. రిక్షావాణ్ణి పంపేసి, పెట్టె నెత్తిన పెట్టుకుని ఇసకలోకి దిగాను.

చూసి పోదామనే వచ్చాను. కానీ బిశ్వాస్ దాదా భార్య మునిగి లేచిన నీళ్లలో నేను కాలైనా ముంచకుండా వెళ్తే ఎలా? మునగాలంటే బట్టలు విప్పాలి, బట్టలు విప్పితే పెట్టెలో పెట్టాలి, పెట్టె వదిలితే అమ్మ మాట తప్పినట్టు. అప్పుడు కనిపించింది, జాలర్ల గుడిసెల వైపు ఇసకలో ఒరిగి ఉన్న పెద్ద పడవ. చుట్టూ మనిషి లేడు. రంగు పెచ్చులూడింది, పొట్ట ఇసకలో కూరుకుపోయింది. నేను ఎంతైనా వ్యాగన్ల షాపు వాణ్ణి కదా, దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, పక్కల మీద తట్టి, పరీక్ష పూర్తి చేశాను. చక్రాల్లేవు, ఇంజను లేదు. మా యార్డులో ఇలాంటి స్థితిలో ఉన్న బండి మీద 'కండెమ్డ్' అని రాసేస్తే దాని మీద గడ్డి మొలుస్తుంది తప్ప అది అంగుళం కదలదు. తీర్పు ఇచ్చేశాను. పెట్టెని పడవలోకి ఎక్కించి, అడ్డచెక్కకి గొలుసు చుట్టి, నా ప్యాంటూ చొక్కా కూడా పెట్టెలోనే పడేసి, తాళం వేశాను.

అక్కడితో ఆగినా బాగుండేది. నా బుర్ర ఆరోజు మరీ చురుగ్గా పనిచేసింది. మా షాపులో ఒక నియమం ఉంది. వ్యాగన్ కిందకి దూరి పని చేసేవాడు ముందు దానికి ఎర్ర జెండా కడతాడు. జెండా కట్టిన బండిని ఎవడూ ముట్టుకోడు, ఇంజను తగిలించడు, దేశాన్నేలే మంత్రి వచ్చినా కదల్చడానికి వీల్లేదు. కట్టినవాడే విప్పాలి. నా ప్రాణం ఎన్నిసార్లో ఆ గుడ్డముక్క మీద ఆధారపడి బతికింది, కాబట్టి దాని మీద నాకు దేవుడి మీద ఉన్నంత నమ్మకం. నా భుజం మీద ఎర్రటి గామ్‌ఛా ఉంది, బెంగాల్లో ప్రతివాడి భుజం మీదా ఉండే పల్చటి తువ్వాలే. దాన్ని తీసి పడవ ముక్కుకి, గాలికి ఎగిరేట్టు, నియమం ప్రకారం ముడి వేసి కట్టాను. ఇక నిశ్చింతగా సముద్రం వైపు నడిచాను.

ఈత రాదు కాబట్టి కొంచెం అవతలికి, అలలు మెత్తగా ఉన్నచోటికి పోయి, మోకాలి లోతులో కూర్చున్నాను. అల వచ్చి వీపు మీద కొడుతుంటే కళ్లు మూసుకుని, ప్రతి అలకీ బిశ్వాస్ దాదాకి ఒక జవాబు చెప్పుకున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కళ్లు తెరిచేసరికి ఒక పడవ అలల మీద ఎక్కి దిగుతూ అందంగా పోతోంది. దాని ముక్కున ఎర్రగుడ్డ రెపరెపలాడుతోంది. భలే, ఇక్కడి వాళ్లకి కూడా ఈ నియమం తెలుసన్నమాట అని సంతోషించాను. అవునండీ, సంతోషించాను. ఆ తర్వాత ఎండలో పడవ మధ్యన ఇనపపెట్టె ఒకటి తళుక్కుమంది.

నడుం లోతు దాకా పరిగెత్తి, చేతులు రెండూ ఎత్తి, గొంతు చించుకున్నాను. ముందే మనవి చేశాను కదా, భయం వేస్తే నాకు బెంగాలీ వస్తుందని. దాఁడావ్, దాఁడావ్ అని అరుస్తున్నాను. ఆగండి అని మనకి అర్థం, కానీ పడవలో ఉన్న జాలర్లకి ఆ అర్థం ఎలా తెలుస్తుంది? వాళ్లు తెడ్లు ఆపి, పళ్లు కనిపించేలా నవ్వి, నాకు చేతులూపి, మళ్లీ తెడ్లు వేశారు. ఒడ్డున తాటిముంజలు అమ్ముకునే ముసలమ్మ, పక్కనున్న వాళ్లతో, చేంజికి వచ్చిన బెంగాలీ బాబు సముద్రం చూసి ఖుషీ పట్టలేకపోతున్నాడని చెబుతోంది. నేను ఇంకా అరిచాను. జనం ఇంకా ముచ్చటపడ్డారు.

చివరికి ముసలమ్మ ముందు కూలబడి, నాలుగు ముంజలు మింగాక, తెలుగు తిరిగొచ్చింది. ఆ పడవ ఎక్కడికి పోయిందని అడిగాను. ఆవిడ నా తెలుగు విని ఉలిక్కిపడి, తర్వాత ఓదార్చింది. పెద్దవల వేస్తున్నారట. వల ఒక కొస ఒడ్డునే ఉంచి, పడవలో తీసుకెళ్లి సముద్రంలో చుట్టు తిప్పి, రెండో కొసతో మళ్లీ ఒడ్డుకే వస్తారట. ఇదిగో వచ్చేస్తారు బాబూ, కూకో అంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. నిక్కరు మీదే కూర్చుని, పెట్టె తడవకుండా ఉంటే చాలని తెలిసిన దేవుళ్లందరికీ దండాలు పెట్టాను. నా పెళ్లి అదిగో, ఆ అల మీద ఉంది. ఇప్పుడు ఈ అల మీద ఉంది. చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేం లేదు.

పడవ వచ్చింది. ఆగేలోగానే నేను అందులోకి దూకాను. గొలుసు భద్రంగా ఉంది. తాళం చెక్కుచెదరలేదు. ఏనుగొచ్చి లాగినా రాదని నేను చెప్పింది అక్షరాలా నిజం. పెట్టె వెనకవైపు మడతబందులు మాత్రం ఊడదీసి, మూత తలకిందులుగా తెరిచి ఉంది. లోపల నా రెండు జతల బట్టలు మడత నలగకుండా ఉన్నాయి. వాటి కింద ఏమీ లేదు.

పడవ పెద్ద పేరు నూకరాజు. నెరిసిన మీసం, నల్లటి ఒళ్లు, ముఖం నిండా ఆనందం.

"సీరేదీ?" అన్నాను. నా నోట చీర సీరగా మారిపోయింది.

"గంగమ్మ తల్లికి ఇచ్చేసినాం బాబూ."

"ఎందుకిచ్చినారు?"

"అదేటి బాబూ అలగడుగుతావు? నావకి ఎర్రగుడ్డ కట్టి, పట్టుసీర, గాజులు, పసుపు, కుంకం, కొబ్బరికాయ, మిఠాయి పెట్టిలో పెట్టినారు. అది సారె కాకపోతే మరేటి? మొక్కుకున్నోలు అలగే కడతారు. ఎవులని మేం అడక్కూడదు, కాదనకూడదు. నడినీటిలో తల్లికి ఇచ్చీడమే."

మా షాపులో ఎర్రగుడ్డ కనిపిస్తే ప్రపంచం ఆగిపోతుంది. వీళ్ల రేవులో ఎర్రగుడ్డ కనిపిస్తే ప్రపంచం దండం పెట్టి బయల్దేరుతుంది. ఆయన్ని ఒక్క మాట అనడానికి లేదు. గంగమ్మకి ప్యాంటెందుకని తనకి అనుమానం వచ్చిందనీ, మొక్కుకున్న బాబుదై ఉంటుందని జాగ్రత్తగా దాచాననీ కూడా చెప్పాడు. సందేశ్ తల్లికి కాస్త చూపించి, మిగతాది ప్రసాదం పంచుకున్నారట. చాలా బాగుందన్నాడు. ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

నేను ఏడవడానికి నోరు తెరిచేలోపు వల లాగే వేళయింది. చేతులు తక్కువయ్యాయని నన్ను కూడా తాడు పట్టుకోమన్నారు. ఎందుకు పట్టుకున్నానో నాకే తెలియదు. బహుశా ఆ చీర వలలో పడి తిరిగొస్తుందని ఆశేమో. హెయిసా అంటూ వర్కుషాపులో లాగినట్టు లాగాను. చీర రాలేదు. వచ్చిందేమిటంటే, ఆ ఏడు ఆ రేవులో ఎవరూ చూడనంత చేప. ఇసక మీద వెండి పోసినట్టయింది. ఆడవాళ్లు గంపలతో పరిగెత్తుకొచ్చారు. నూకరాజు వచ్చి తడి చేతులతో నన్ను కావలించుకుని, తల్లి నీ సారె పుచ్చుకుంది బాబూ అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేను కూడా పెట్టుకున్నాను, వేరే కారణానికి.

ఎవరింటికి వచ్చారని అడిగితే పిల్ల తండ్రి పేరు చెప్పాను. క్రేను బాబుగారు బాగా తెలుసు, నేనూ వస్తానన్నాడు. వద్దని చేతులు పట్టుకుని బతిమాలాను. ఎందుకంటే అప్పటికి నా బుర్రలో ఒక అబద్ధం తయారైపోయింది. వెయిటింగు హాల్లో కునుకు పట్టింది, దొంగ పెట్టె పగలగొట్టి చీర పట్టుకుపోయాడు, అంతే. కొత్త ప్యాంటు తొడుక్కుని, విరిగిన పెట్టెని తాడుతో కట్టి, రిక్షాలో పిల్లవాళ్లింటికి చేరాను.

అక్కడ ఇల్లంతా చావు కబురు విన్నట్టుంది. మావయ్య స్టేషనుకి వెళ్లి నన్ను కానక తిరిగొచ్చి, పెళ్లి ఇష్టం లేక పారిపోయాడేమో అని తన అభిప్రాయం అందరికీ చెప్పేశాడట. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఒక మూల కూర్చుంది. పిల్ల తండ్రి గోడకేసి చూస్తున్నాడు. మధ్యలో నులకమంచం మీద సత్యవతి మామ్మ, అడ్డచుట్ట నోట్లో తిప్పుకుంటూ కూర్చుని ఉంది. ఆ ఇంట్లో మాట ఆవిడది అని ఎవరూ నాకు చెప్పక్కర్లేకపోయింది.

నన్ను చూడగానే అమ్మ లేచింది. పెట్టెను చూడగానే మళ్లీ కూర్చుంది. నేను నా దొంగ కథ చెప్పాను. బాగానే చెప్పాను కూడా, దొంగకి పిల్లిగడ్డం కూడా పెట్టాను. అమ్మ నమ్మేసి దొంగని తిట్టడం మొదలెట్టింది. పిల్ల తండ్రి ముఖం కాస్త మెత్తబడింది. మావయ్య మాత్రం గొలుసు చూసి, తాళం చూసి, నా చెవుల వెనక ఇసక చూసి, గార్డు చూపు చూస్తున్నాడు. అయినా గట్టెక్కేవాణ్ణే. సరిగ్గా అప్పుడు గుమ్మంలో నూకరాజు ప్రత్యక్షమయ్యాడు, భుజాన మనిషి కాలంత వంజరం చేపతో.

ఉపకారం చేసినవాణ్ణి ఉత్త చేతులతో పంపలేక వెనకే నడిచొచ్చాడట. చేపని వాకిట్లో పెట్టి, మామ్మకి దండం పెట్టి, నా గురించి పొగడడం మొదలెట్టాడు. ఇంత చిన్న వయసులో ఇంత భక్తి తను చూడలేదని, బరంపురం పట్టు కట్టబెట్టిన బాబు చేతి చలవ వల్ల రేవంతా బతికిందని, ఎర్రగుడ్డ దగ్గర్నుంచి ప్రసాదం దాకా ఒక్క ముక్క వదలకుండా చెప్పాడు. నేను ఆయన వెనక నిలబడి ఆపమని సైగలు చేస్తూనే ఉన్నాను. అవి వినయం అనుకున్నాడు.

ఆయన ముగించాక మామ్మ చుట్ట నోట్లోంచి తీసింది.

"ఏటమ్మా, సంబంధం ఖాయం సేసే సీర అదేనా?" అని మా అమ్మని అడిగింది.

అమ్మ తలూపింది.

"అయితే మరేటి. ఖాయం సేసే సీర ఎవులికి పెడితే ఆలకే ఖాయం. ఈ బాబు గంగమ్మకి పెట్టినాడు, ఆవిడ ముందరి పెళ్లాం. మా గుంటని రెండో పెళ్లాంగా ఇచ్చే కరువు మాకు రాలేదు."

మావయ్య గార్డు గొంతుతో వాదనకి దిగాడు. తెలియక జరిగిందనీ, ఒక కాయ కొట్టడం, ఒక మంత్రం చదవడం లేకుండా సంబంధం ఎలా అవుతుందనీ అడిగాడు. నూకరాజుకి రోషం వచ్చింది. కాయ కొట్టకపోవడమేమిటి, తనే కొట్టాడట. పసుపు కుంకుమ చల్లి, అమ్మా ఈ బాబుని నీ వాడిగా చూసుకో అని దండం కూడా పెట్టాడట. ఆవిడ ఒప్పుకున్నట్టే కదా వల నిండా చేప ఇచ్చింది. మామ్మ నా వైపు చూసి, విన్నావా అన్నట్టు తల పంకించింది. మనిషైతే బతిమాలి వదిలించుకోవచ్చు, సముద్రం దగ్గరికి వెళ్లి ఏమని మాట్లాడతాం?

అమ్మ మెల్లగా లేచి, ఖాళీ పెట్టె దగ్గరికి వచ్చి, మూత మూయబోయింది. మూత ఊడి చేతిలోకొచ్చింది. ఆ మూత పట్టుకుని ఆవిడ ఏడుస్తుంటే, అప్పటిదాకా భయపడుతున్న నాకు మొదటిసారి సిగ్గేసింది. సముద్రం చూడాలని చెప్పి ఉంటే అమ్మే తీసుకెళ్లేది కదా అనిపించింది. క్షమించమని మామ్మ కాళ్ల మీద పడదామని వంగుతున్నాను.

గది తలుపు వెనక నుంచి కిసుక్కుమని చప్పుడు వచ్చింది. తర్వాత ఇంకోటి. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటూ, ఆపుకోలేక, ఫోటోలో కంటే బాగున్న ఒకమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. చిన్నప్పట్నుంచీ మామ్మ పెంపకమేమో, మాట మామ్మదే.

"మామ్మా, గంగమ్మక్క ఉంటే ఉండనీయి. ఆవిడ ఖరగ్‌పూర్ దాకా రాలేదు కదా."

మామ్మ ఒక క్షణం మనవరాలి కేసి చూసింది. తర్వాత ఆవిడ పొట్ట కదిలింది, భుజాలు కదిలాయి, చుట్ట జారి నులకమంచం మీద పడింది, చీరంటుకుంటుందని నలుగురూ పరిగెత్తారు. ఆ ఇంట్లో అప్పటిదాకా బిగబట్టిన నవ్వంతా ఒక్కసారి తెగింది. పిల్ల తండ్రి గోడకి తల ఆనించి నవ్వాడు. అమ్మ మూత చేతిలో పట్టుకునే ఏడుస్తూ నవ్వింది. చీర లేదు కాబట్టి, సత్యవతికి బొట్టు పెట్టి, చేతిలో పెట్టడానికి ఇంకేం కనిపించక, నూకరాజు తెచ్చిన వంజరం చేపనే పెట్టి మాట ఖాయం చేసుకుంది. బరువుకి ఆ పిల్ల ముందుకు తూలింది, నేను పట్టుకున్నాను. మా పెళ్లిచూపులు ఇలా జరిగాయి.

పెళ్లై ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి వచ్చిన నాటినుంచి ఇవాళ్టిదాకా మా ఇంట్లో ప్రతి తగువూ ఒకే దగ్గర ముగుస్తుంది. అక్కకి పట్టుచీర పెట్టినారు, నాకు సేప పెట్టినారు, అంటుంది సత్యవతి. విశాఖపట్నం ఎప్పుడు వెళ్లినా దుకాణంలో ముందు ఒక చీర తీసి పక్కన పెడుతుంది. అది తనకి కాదు. దాన్ని తీసుకెళ్లి నూకరాజు పడవలో ఇప్పించి, నీళ్లకి దండం పెట్టి, అక్కా, ఈయన్ని నాను సూసుకుంటన్నాను, నువ్వక్కడే ఉండు అని చెప్పి వస్తుంది. ఆ తర్వాతే తన చీర. చేంజికని వెళ్లే మొగుళ్లు ప్రపంచంలో చాలామంది ఉండొచ్చు గానీ, వెళ్లిన ప్రతిసారీ ఇద్దరికి చీరలు కొని, ఒకావిడ దగ్గర సెలవు తీసుకుని రెండో ఆవిడతో రైలెక్కేవాణ్ణి నేనొక్కణ్ణే.

కాబట్టి పాఠకుల సాక్షిగా, పదునాలుగు లోకాల సాక్షిగా, వర్కుషాపు సైరను సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకముందు నీటి ఒడ్డున ఎర్రగుడ్డ ముట్టను. నది కానీ, చెరువు కానీ, చివరికి మా వీధి కుళాయి దగ్గర కానీ, భుజం మీద గామ్‌ఛా ఉంటే తీసి జేబులో కుక్కుకుంటాను. భక్తి లేక కాదు, బలం లేక. ఇద్దరితోనే ఇలా అయిపోయాను, మూడో ఆవిడకి నా జీతం చాలదు.